కొండ మీద రెండు దారులు

చలికాలం వచ్చిందంటే లంబసింగికి జనం బారులు తీరతారు. నర్సీపట్నం వైపు నుంచి రాత్రికి రాత్రే కార్లు, మోటారు సైకిళ్లు ఘాట్ ఎక్కుతాయి. తెల్లవారకముందే చెరువులవేనం కొండ మీద నిలబడి, కింద లోయలో పాలసముద్రంలా పరుచుకున్న మబ్బును చూసి, ఫోటోలు తీసుకుని, పొద్దెక్కేసరికి దిగిపోతారు. వాళ్లను తప్పుపట్టడానికి ఈ వ్యాసం రాయడం లేదు. మన కొండ అందమైనదే. చూడ్డానికి నలుగురూ వస్తే సంతోషమే. కానీ ఈ కొండను అందం కోసమే చూసి వదిలేస్తే దాని కథలో సగం కూడా తెలియదు. మిగతా సగం చెప్పాల్సింది మనమే.

అందుకే మేము కొందరం కొండను నడిచి చూద్దామనుకున్నాం. డౌనూరు దగ్గర మైదానం వదిలి, ఘాట్ వెంట లంబసింగి చేరి, అక్కడి నుంచి చెరువులవేనం ఎక్కి, తాజంగి మీదుగా చుట్టుపక్కల గూడేలు తిరిగాం. బండి మీద పోతే గంటల్లో అయిపోయే దారి. నడిస్తేనే తెలిసింది, ఈ కొండ మీద దారులు రెండు రకాలని. ఒకటి తారు రోడ్డు. రెండోది గెడ్డల పక్కగా, కాఫీ తోటల మధ్యగా, ఒక గూడెం నుంచి మరో గూడేనికి పోయే కాలిబాట. ఈ రెండు దారుల మధ్య జరిగిన గొడవే మన మన్యం చరిత్ర అని మాకు అనిపించింది.

ముందు రోడ్డు సంగతి. ఇప్పుడు మనం బస్సులో కూర్చుని ఎక్కే నర్సీపట్నం - చింతపల్లి దారి వందేళ్ల కిందట మన పెద్దల చేత కొట్టించిన దారి. అప్పుడు గూడెంలో డిప్యూటీ తహసీల్దారుగా ఉన్న బాస్టియన్ మన్యం జనాన్ని బలవంతంగా రోడ్డు పనికి పెట్టాడు. ఇవ్వాల్సిన కూలి ఇవ్వలేదు. పోడు చేసుకునే రోజుల్లో పోడు వదిలి రాళ్లు మొయ్యాలి. రానంటే దెబ్బలు. మన్యంలో వెట్టి అంటే ఏమిటో పిల్లలకు చెప్పాలనుకునే ఉపాధ్యాయులు పుస్తకం తెరవక్కర్లేదు. ఈ ఘాట్‌లో ఒక మలుపు దగ్గర నిలబెట్టి, ఈ కొండచరియను చేత్తో తొలిచారని చెబితే చాలు.

రోడ్డు ఎవరికోసం అన్నది కూడా అడగాలి. మనకు ఉప్పు కావాలంటే కాలిబాటన సంతకు పోయేవాళ్లం. చింతపండు, అడ్డాకులు, పసుపు కావిడిలో దిగేవి. రోడ్డు మొదట కావాల్సింది దొరతనానికి. కలప దిగాలి, పోలీసులు ఎక్కాలి, అధికారి గుర్రం నడవాలి. అంతకుముందే 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చి అడవిని రిజర్వు కింద పెట్టింది. పోడు నేరమైంది, పశువుల మేతకు అడ్డం వచ్చింది, వంటచెరుకుకు కూడా గార్డు ముందు నిలబడాల్సి వచ్చింది. ముఠాదార్ల అధికారం తగ్గిపోయింది. బట్టపనుకుల ముఠాదారు గాం గంటందొర పదవి పోగొట్టుకున్నాడు. ఆయనకూ తమ్ముడు మల్లుదొరకూ బాస్టియన్‌తో నేరుగా తగాదా ఉంది. 1922లో అల్లూరి సీతారామరాజు పిలుపు ఇచ్చేనాటికి మన్యంలో కోపం అప్పటికే ఉడుకుతూ ఉంది. 1879లో రంపలో లేచిన తిరుగుబాటు జ్ఞాపకం కూడా పెద్దల్లో ఉంది.

ఇప్పుడు కాలిబాట సంగతి. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడ్డారు. 23న కృష్ణదేవిపేట. 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు. ఈ తేదీలు మనం బడిలో చదివినవే, పరీక్షలో రాసినవే. కానీ మ్యాపు ముందు పెట్టుకుని చూడండి. చింతపల్లి కొండ పైన ఉంది. కృష్ణదేవిపేట కొండ దిగువన ఉంది. రాజవొమ్మంగి అక్కడి నుంచి ఇంకా దూరం. బండ్లు లేవు, టెలిఫోను లేదు. వానాకాలం, గెడ్డలు పొంగే నెల. అయినా రోజుకొక స్టేషన్ చొప్పున పట్టారంటే, పట్టిన తుపాకులు మోసుకుంటూ నడిచారంటే, ఆ బలం ఒక్క మనిషిది కాదు. ఏ గెడ్డ ఎక్కడ దాటాలో, ఏ గూడెంలో అంబలి దొరుకుతుందో, ఏ మెట్ట మీద నుంచి కింద వచ్చేవాళ్లు కనబడతారో తెలిసిన కాళ్ల బలం అది. ఆ కాళ్లు మన పెద్దలవి.

నెల తిరిగిందో లేదో, సెప్టెంబరు 24న దామనపల్లి దగ్గర అదే మళ్లీ రుజువైంది. పోలీసు దండు ఇరుకు దారిలో నడుస్తోంది. ముందు నడిచిన మన దేశపు పోలీసుల్ని పోనిచ్చి, వెనక వచ్చిన తెల్ల అధికారులు స్కాట్ కవర్డ్, హైటర్‌ల మీద కాల్పులు జరిపారు. ఇద్దరూ అక్కడే చనిపోయారు. దారి తెలిసినవాడికి కొండ కోట. దారి తెలియనివాడికి అదే కొండ బోను.

సర్కారుకు ఈ సంగతి అర్థమైంది. మలబారు పోలీసుల్ని దించారు. 1924లో అస్సాం రైఫిల్స్‌ను, అంటే కొండల్లో నడవడం వచ్చిన సైన్యాన్నే, తీసుకొచ్చారు. గూడేల మీద శిక్షగా పన్నులు వేశారు. తిండి పెట్టినవాళ్లను పట్టుకున్నారు. మల్లుదొర 1923 సెప్టెంబరులో దొరికిపోయాడు. 1924 మే 7న రాజు గారిని కాల్చి చంపారు. ఆయన సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. జూన్‌లో గంటందొర కూడా పోరాడుతూ ప్రాణం విడిచాడు. మల్లుదొరకు మొదట ఉరిశిక్ష వేసి, తర్వాత అండమాన్ జైలుకు పంపారు. ఆ మల్లుదొరే 1952లో, స్వతంత్ర దేశపు తొలి ఎన్నికల్లో, విశాఖపట్నం నుంచి లోక్‌సభకు గెలిచాడు. అండమాన్ నుంచి పార్లమెంటు దాకా నడిచిన మనిషి మన కొండవాడని మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

నడుస్తూ ఉంటే ఊళ్ల పేర్లు కూడా మాట్లాడతాయి. లంబసింగికి కొర్రబయలు అని ఇంకో పేరు. బయట పడుకున్నవాడు తెల్లారేసరికి కొర్రలా బిగుసుకుపోతాడు కాబట్టి ఆ పేరు వచ్చిందని వచ్చినవాళ్లకు చెబుతుంటారు. వినడానికి సరదాగానే ఉంది. కానీ కొర్ర మన మన్యంలో ఒక ఇంటిపేరు. 1900లో తిరగబడిన కొర్ర మల్లయ్యది ఆ ఇంటిపేరే. కొర్రలు మన కొండల్లో పండే ధాన్యం. బయలు అంటే మన భాషలో మైదానంలా చదునుగా ఉన్న చోటు. ఒక్క పేరుకు ఇన్ని దారులున్నాయి. చలి కథ ఒక్కటే నిలిచి మిగతావి మరుగున పడుతున్నాయి. ఏ బడిలోనైనా పిల్లలకు ఇదొక మంచి పని: మీ ఊరి పేరు, మీ గెడ్డ పేరు, మీ మెట్ట పేరు ఎలా వచ్చాయో ఇంట్లో తాతనూ అవ్వనూ అడిగి రాసుకురండి అని చెప్పడం.

చుట్టుపక్కల నేల కూడా చదవదగిన పుస్తకమే. వాలులో పోడు, పైన చదునుగా గరువు, గెడ్డ పక్కన పల్లం. ఏ నేలలో ఏది వెయ్యాలో చెప్పే చదువు అది. చలికాలంలో వలిసెలు పసుపుపచ్చగా పూస్తే ఫోటో తీసుకునేవాళ్లకు అది పూలతోట. మనకు అది నూనెగింజ, ఇంట్లో దీపం, సంతలో డబ్బు. సిల్వర్ ఓక్ నీడలో కాఫీ, చెట్టుకు పాకిన మిరియం తీగ తర్వాత వచ్చినవి. రాజ్‌మా కూడా అంతే. ఇవి ఎప్పుడు వచ్చాయి, అంతకుముందు అక్కడ ఏముండేది అని అడిగితే ఒక్కో తోటా ఒక పాఠం అవుతుంది.

ఇదంతా పాత ముచ్చట్ల కోసం కాదు. 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టా కావాలంటే సాక్ష్యం చూపాలి. కాగితం లేదని మనవాళ్లు చాలామంది అక్కడే ఆగిపోతారు. కానీ ఆ చట్టం నియమాలు కాగితాన్ని ఒక్కదాన్నే అడగలేదు. పాత ఇంటి ఆనవాలు, గట్టు, బావి, శ్మశానం, దేవర గుడి ఉన్న చోటు, ఇవీ సాక్ష్యాలే. హక్కు అడిగేవాడు కాకుండా వేరే పెద్దమనిషి చెప్పిన మాట రాసిపెట్టినా సాక్ష్యమే. అంటే కొండను చదవడం వచ్చినవాడికి హక్కు అడగడం వస్తుంది. కాలిబాట మరిచిపోతే దాని పక్కనున్న బావి మరుగవుతుంది. పెద్దాయన పోతే, అడిగి రాసుకోని ఆయన మాటా పోతుంది. లాడ్జీలు, టెంట్లు పెరుగుతున్న ఈ రోజుల్లో 1970 నాటి 1/70 చట్టం మన భూమి మన చేతిలో ఉండాలని చెబుతోంది. ఆ భూమి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పగలిగే యువకులు ప్రతి గూడెంలో ఉండాలి.

కాబట్టి ఉపాధ్యాయులకు మా మనవి ఇది. ఏడాదికి ఒక్కరోజైనా పిల్లల్ని మీ ఊరి కొండకు తీసుకెళ్లండి. అది లంబసింగే కానక్కర్లేదు. వెంట ఒక పెద్దాయననో పెద్దావిడనో పిలవండి. ముందు వాళ్లను నడవనివ్వండి. ఆగినచోట ఆగండి, చెప్పింది రాయించండి, తేదీ వేయించండి, చెప్పినవాళ్ల సంతకమో వేలిముద్రో తీసుకుని గ్రామసభ దగ్గర ఒక ప్రతి పెట్టండి. రోడ్డు చరిత్ర సర్కారు రికార్డులో ఉంది. కాలిబాట చరిత్ర రాయాల్సిన పుస్తకం మాత్రం మన బడిపిల్లల నోట్‌బుక్కే.