గల్లా హిసాబ్ ఎవరికి చెప్పాలి? లెవీ కాలం నుంచి రేషన్ కార్డు దాకా

పోయిన రంజాన్‌లో ఒకరోజు శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ రోడ్డు పక్కన క్యాబ్ డ్రైవర్లతో కలిసి ఇఫ్తార్ చేశాను. చాదర్ పరిచి ఖర్జూరాలు, పండ్ల ముక్కలు, మిర్చీలు పెట్టారు. మగ్రిబ్ నమాజ్ అయ్యాక చాయ్ తాగుతుంటే మాట రేషన్ కార్డుల మీదికి మళ్లింది. ఒక కుర్రాడు అడిగాడు: "కారు నడిపేవాడు, కారున్నవాడు ఒక్కటేనా భాయ్? గాడీ మీద ఇంకా ఎన్ని కిస్తీలున్నాయో కంప్యూటర్‌కు తెలుసా?" అందరం నవ్వాం. కానీ జవాబు ఎవరి దగ్గరా లేదు.

ఇంటికొచ్చాక కూడా ఆ సవాల్ నన్ను వదల్లేదు. మన కంచంలోకి వచ్చే అన్నం గురించి ఫైసలా ఎవరు చేస్తారు? చేసేముందు అవామ్‌ను అడుగుతారా? చేసిన తర్వాత హిసాబ్ చూపిస్తారా? మన ఇలాకా తారీఖ్‌లో దీనికి సంబంధించిన సబక్ చాలానే ఉంది. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

శంషాబాద్ పేరు పాయిగా నవాబుల షమ్సుల్ ఉమ్రా ఖితాబ్ నుంచి వచ్చింది. ఇవాళ దాదాపు 5,500 ఎకరాల్లో విమానాశ్రయం ఉన్న ఈ ప్రాంతం ఒకప్పుడు జాగీరు నేల. 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు చట్టం వచ్చేదాకా మామూలు రైతుకు హుకూమత్ అంటే పటేల్, పట్వారీ. బస్తాలో ఎంత పండింది, అందులో ఎంత కట్టాలి అన్నది పట్వారీ దస్తరంలో ఉండేది. ఆ దస్తరం చదవడం రైతుకు రాదు. చూపించమని అడిగే ధైర్యమూ తక్కువే.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. 1942లో బర్మా జపాన్ చేతికి పోవడంతో అక్కడి బియ్యం ఆగిపోయాయి. 1943లో బెంగాల్‌లో లక్షల మంది ఆకలితో చనిపోయారు. నిజాం సర్కార్ కూడా హైదరాబాద్ షహర్‌కు తిండి కరువు రాకూడదని రైతుల దగ్గర నుంచి ఖరారు చేసిన ధరకు లెవీ గల్లా వసూలు చేయించింది. ఇన్సాఫ్‌గా చెప్పాలంటే ఆ నియ్యత్‌ను తప్పు పట్టలేం. షహర్ జనం తినాలి కదా. గడబిడంతా అమల్లో వచ్చింది. దేశ్‌ముఖ్ గడీలో నిండిన గాదెలు కాగజ్ మీద చిన్నవైపోయేవి. ఐదెకరాల రైతు దగ్గర మాత్రం విత్తనాల గింజలు కూడా మిగలకుండా ఊడ్చుకుపోయేవాళ్లు.

మా దాదీ 'లెవీ' అన్న మాటను ఎప్పుడూ చేదుగానే పలికేది. సిపాయి వస్తున్నాడని తెలిస్తే జొన్నలు పాతరలో పోసి, పైన పేడతో అలికి, దాని మీద మేకల్ని కట్టేసేవాళ్లట. "మా గింజలు మేమే దొంగతనం చేశాం బేటా" అనేది. 1944లో భువనగిరిలో జరిగిన ఆంధ్ర మహాసభ తర్వాత తెలంగాణ పల్లెల్లో లేచిన ఉద్యమంలో వెట్టి చాకిరీతో పాటు ఈ లెవీ జులుం కూడా పెద్ద ఫిర్యాదే. అడిగి చేసి, లెక్క బయట పెట్టి ఉంటే గల్లా ఇవ్వడానికి రైతు అంత ఎదురు తిరిగేవాడు కాదని నా ఖయాల్.

మన దీన్‌లో ఈ సంగతి కొత్తదేమీ కాదు. హజ్రత్ యూసుఫ్ అలైహిస్సలాం కిస్సా మనందరికీ తెలుసు. కరువు రాకముందే పండిన గింజల్ని వెన్నుల్లోనే దాచి పెట్టమని చెప్పడం, ఖజానా బాధ్యత తీసుకోవడం, ఇదంతా ఒక ముల్క్ అన్నం ఇంతెజామే. మోమిన్లు తమ వ్యవహారాలు మష్వరాతో నడుపుకుంటారని చెప్పిన సూరాకు పేరే షూరా. ఇక హజ్రత్ ఉమర్ రజియల్లాహు అన్హు రివాయత్ చూడండి. రాత్రి గస్తీలో ఒక అమ్మ ఖాళీ కుండలో నీళ్లు మరిగిస్తూ ఆకలి పిల్లల్ని మభ్యపెడుతోంది. మా సంగతి ఉమర్‌కు ఎలా తెలుస్తుంది అని ఆమె ఊరుకోలేదు. మా బాధ్యత నెత్తిన వేసుకున్నవాడు మా హాల్ తెలుసుకోకపోతే ఎలా అని నిలదీసింది. ఆయన పిండి బస్తా తన వీపు మీదే మోసుకొచ్చాడు. పిండి ఇచ్చిన సంగతి మనం బాగా గుర్తు పెట్టుకున్నాం. అడిగిన ఆ అమ్మను మాత్రం మరిచిపోతున్నాం. ఎదురుగా ఉన్నది ఖలీఫా అని తెలియకుండానే ఆమె తన హక్ అడిగింది, ఆయన అది విన్నారు.

ఆజాదీ తర్వాత మన రాష్ట్రంలో అన్నం రాజకీయాన్ని మార్చింది 1983. ఎన్టీఆర్ సర్కార్ రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చింది. ఎందరో గరీబ్ ఇళ్లలో పొయ్యి మీదికి రోజూ తెల్లన్నం ఎక్కింది. దాని విలువ తక్కువ చేయను. అయితే బియ్యమే ఎందుకు, మెట్ట నేలల్లో పండే జొన్నలు, సజ్జలు, కొర్రలు ఎందుకు కావు అని పల్లెల్ని ఎవరూ కూర్చోబెట్టి అడగలేదు. చవక బియ్యం వచ్చాక జొన్నకు గిరాకీ పడిపోయింది. మెట్ట చెలకలు చాలా చోట్ల బీడు పడ్డాయి.

జహీరాబాద్ వైపు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు 1990లలో దీనికి వాళ్ల తరీఖాలో జవాబిచ్చాయి. బీడు పడ్డ చెలకల్ని సాగులోకి తెచ్చి, పండిన జొన్నల్ని ఊళ్లోనే దాచి, ఊళ్లో గరీబులకే తక్కువ ధరకు ఇచ్చారు. ఎవరు గరీబ్ అన్నది దఫ్తర్ చెప్పలేదు. ఊరంతా ఒక చోట కూర్చొని, ఇంటింటి హాల్ అందరి ముందూ మాట్లాడుకొని తేల్చారు. తప్పు చెబితే పక్కింటావిడే అక్కడే ఆపుతుంది.

అదే ఇలాకాలో 2001 జూన్ చివర్లో మరో పెద్ద సంగతి జరిగింది. అంతకు ముందు చంద్రబాబు నాయుడు సర్కార్ విజన్ 2020 అనే దస్తావేజు తెచ్చింది. మెకిన్సీ అనే కన్సల్టెన్సీ సాయంతో తయారైన ప్లాన్ అది. నేల మీద ఆధారపడి బతికేవాళ్లను 70 శాతం నుంచి 40 శాతానికి తగ్గించాలన్నది అందులో ఒక లెక్క. మరి ఆ మిగతా 30 శాతం మందిని ఎవరైనా అడిగారా? అల్గోల్ గ్రామంలో 'ప్రజాతీర్పు' పేరుతో ఒక అవామీ అదాలత్ పెట్టారు. జ్యూరీలో దాదాపు ఇరవై మంది. ఎక్కువమంది ఆడవాళ్లు, చిన్న రైతులు, దళితులు, ఆదివాసీలు. మూడు దారులు వాళ్ల ముందు పెట్టారు: విజన్ 2020 దారి, ఎగుమతి కోసం సేంద్రియ సాగు చేసే దారి, ఊళ్లు తమ తిండి తామే పండించుకునే దారి. సర్కార్, కంపెనీలు, సైంటిస్టులు, సంఘాల తరఫున గవాహీ ఇచ్చారు. జ్యూరీ సభ్యులు సవాళ్లు వేశారు. పని మొత్తం వీడియో తీశారు. నిష్పక్షంగా జరుగుతోందో లేదో చూడడానికి విడిగా ఒక ప్యానెల్ ఉంది.

ఫైసలా ఏమిటంటే, జ్యూరీ ఏ ఒక్క దారినీ గుడ్డిగా ఒప్పుకోలేదు. మనుషుల్ని నేల నుంచి తగ్గించే లెక్క వద్దన్నారు. జన్యుమార్పిడి పంటలు వద్దన్నారు. విత్తనం, నేల, తిండి మీద ఊరి అధికారం ఉండాలన్నారు. ఆంధ్రప్రదేశ్‌కు సాయం ఇస్తున్న బ్రిటన్ దాకా ఈ రిపోర్ట్ వెళ్లింది. అక్కడి సాయం శాఖ అధికారులు దీన్ని గట్టిగా తప్పు పట్టారు. ఇరవై మంది రాష్ట్రం మొత్తం తరఫున ఎలా మాట్లాడతారు, పెట్టినవాళ్ల మొగ్గు ఫైసలాలో పడలేదా అని బహస్ నడిచింది. ఆ సవాళ్లు సహీ సవాళ్లే. కానీ అదే తరాజులో విజన్ 2020ని కూడా తూచాలి కదా. దాన్ని రాసిన గదిలో ఎంతమంది రైతులు కూర్చున్నారు?

అదే 2001లో పీయూసీఎల్ సుప్రీంకోర్టుకు వెళ్లింది. గోదాముల్లో గింజలు మగ్గుతుంటే జనం ఆకలితో ఎందుకు పడుకోవాలన్నది దావా. ఆ కేసులో కోర్టు అన్నం పథకాలను ఖైరాత్‌గా కాక చట్టబద్ధమైన హక్‌గా చూసింది. 2002లో ఆ పథకాల మీద సోషల్ ఆడిట్ చేసే అధికారం గ్రామసభలకు ఉందని చెప్పింది. 2006 నుంచి ఉపాధి హామీ పనుల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సోషల్ ఆడిట్‌ను దేశానికే నమూనాగా నడిపింది. మస్టర్ రోల్ అందరి ముందూ చదివి వినిపిస్తే చనిపోయినవాళ్ల పేరు మీద తీసిన కూలీ కూడా బయటపడుతుంది. 2013 ఆహార భద్రతా చట్టం ఈ అనుభవాన్ని కాగజ్ మీదికి తెచ్చింది. రేషన్ రికార్డులు అవామ్ ముందు ఉంచాలని సెక్షన్ 27, సోషల్ ఆడిట్ జరగాలని సెక్షన్ 28, రాష్ట్రం నుంచి రేషన్ షాపు దాకా విజిలెన్స్ కమిటీలు ఉండాలని సెక్షన్ 29 చెబుతాయి. ఇంట్లో పెద్ద మహిళే కార్డుకు యజమాని అన్నదీ ఈ చట్టంలోదే.

ఇప్పుడు ఆ డ్రైవర్ కుర్రాడి సవాల్‌కు వస్తాను. తెలంగాణ వచ్చాక సర్కార్ సమగ్ర వేదిక అనే కంప్యూటర్ ఏర్పాటు తెచ్చింది. వాహనాలు, ఆస్తిపన్ను, కరెంటు లాంటి వేర్వేరు శాఖల లెక్కలు కలిపి ఎవరు గరీబ్, ఎవరు కాదు అని చూసే యంత్రం అది. 2014 నుంచి కొన్నేళ్లలో దాదాపు 19 లక్షల కార్డులు రద్దయ్యాయి. నోటీసు లేదు, సంజాయిషీకి మౌకా లేదు. దొంగ కార్డులు లేవని నేను అనడం లేదు. ఉన్నాయి, తీసేయాల్సిందే. కానీ పేరు కలిసినందుకు ఇంకెవరి కారో నీ ఖాతాలో పడితే నువ్వు ఎవరితో మొర పెట్టుకోవాలి? హైదరాబాద్ సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ వేసిన కేసులో 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, రద్దు చేసిన కార్డులన్నీ ఇంటికి వెళ్లి మళ్లీ తనిఖీ చేయమని ఆదేశించింది. ఆ తర్వాత దాదాపు 4.9 లక్షల దరఖాస్తులొచ్చాయి. మొదట పరిశీలించిన 2 లక్షల పైచిలుకులో 15 వేలకు పైగా కుటుంబాలు అర్హులేనని తేలింది. వంద మందిలో ఏడెనిమిది మంది. శాతంగా తక్కువే అనిపిస్తుంది. ఆ ఇళ్లలో పిల్లలు సంవత్సరాల తరబడి హక్‌గా రావాల్సిన బియ్యం లేకుండా పెరిగారు.

పట్వారీ దస్తరానికి, ఈ యంత్రానికి నాకు ఒకే పోలిక కనిపిస్తుంది. రెంటిలోనూ మన గురించి ఏం రాసి ఉందో మనకు చూపించరు.

2025 ఉగాది నుంచి తెలంగాణలో కార్డుకు సన్న బియ్యం ఇస్తున్నారు, అల్‌హమ్దులిల్లాహ్. అంతటితో ఖుష్ అయి ఊరుకోవద్దని నా మనవి. మీ రేషన్ షాపు విజిలెన్స్ కమిటీలో ఎవరున్నారో అడగండి. స్టాక్ లెక్క చూపించమనండి. చూపించకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. సోషల్ ఆడిట్ సభ జరిగితే మన అమ్మీలు, ఆపాలు కూడా వెళ్లి మాట్లాడాలి. కార్డు వాళ్ల పేరు మీదే కదా ఉంది.

వచ్చే ఇఫ్తార్‌కు ఆ కుర్రాడు కనిపిస్తే ఇదే చెబుతాను, ఇన్షా అల్లాహ్. కంప్యూటర్‌కు కిస్తీల సంగతి తెలియకపోవచ్చు. చెప్పాల్సింది మనం, వినాల్సింది వాళ్లు. చట్టం రాసింది కూడా అదే.