గట్టు చెక్కిన వానాకాలం

పళ్లెంలో మూడు కుప్పలు. మొదటి దాంట్లో నలభై వేరుశనగ గింజలు, రెండో దాంట్లో ముప్ఫై ఒకటి, మూడో దాంట్లో పదకొండు. అనంతపురం నుంచి సంచిలో మోసుకొచ్చిన గింజలు. మా వైపు వీటిని బుడ్డలంటాం. నాయన ఒక్కో గింజనూ చూపుడు వేలితో జరుపుతూ లెక్క సరిచూసుకున్నాడు.

2024 నవంబరు 3, ఆదివారం. దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్ అంతా సెలవు నిద్రలో ఉంది. వారమంతా కంటైనర్ లారీలతో హోరెత్తే రోడ్డు ఖాళీగా ఉంది. గోదాముల రేకుల మీద ఎండ ఇప్పుడిప్పుడే పడుతోంది. మా ఇంట్లో మాత్రం టీవీ మోగుతోంది. ఇంకో రెండు రోజుల్లో అమెరికా అధ్యక్ష ఎన్నిక. పక్క ఫ్లాట్‌లో ఉండే తణుకు వైపు కుర్రాడు పొద్దున్నే వచ్చి కూర్చున్నాడు. జె.డి.వాన్స్ భార్య ఉషా చిలుకూరి వాళ్ల పూర్వీకులది తణుకు దగ్గరి వడ్లూరు. "మన వడ్లూరు అల్లుడు ఉపాధ్యక్షుడు కావాలి బాబాయ్" అంటాడు. ఆ ఊళ్లో పూజలు కూడా చేశారు.

ఆ ఎన్నికలో మాకెవరికీ ఓటు లేదు. మన దేశపు ఓటైనా సరే, విమానమెక్కి వెళ్లి సొంతూరి బూత్‌లో నిలబడితేనే వేయగలం. ఆ మాటే అంటే నాయన నవ్వాడు.

"అరవై తొమ్మిదిలో మాకూ లేదప్పా ఓటు. రాష్ట్రపతిని ఎన్నుకునేది ఎమ్మెల్యేలు, ఎంపీలు. అయినా ఆ వానాకాలం మా ఊరంతా రేడియో చుట్టూనే ఉండె. టీవీ కాస్త తగ్గించు. ఒక ప్రెసిడెంట్ ఎలక్షన్ చూపిస్తా."

అప్పుడే పళ్లెం అడిగాడు.

మా నాయనది స్వతంత్ర పార్టీ రాజకీయం. 1959లో రాజాజీ పెట్టిన ఆ పార్టీకి మొదటి అధ్యక్షుడు నిడుబ్రోలు రైతుబిడ్డ ఎన్.జి.రంగా. భూమి రైతు చేతిలోనే ఉండాలి, సర్కారు తన హద్దులో తానుండాలి, పెద్దలు ఏర్పరచిన మర్యాదను అవసరం కొద్దీ చెరపకూడదు. నాయన నేర్చుకున్న పాఠమిది. నేను పెరిగిందీ ఇదే నమ్మకంలో. ఈ గాథను ఆ నమ్మకం వైపు నిలబడే రాస్తున్నాను.

మన పారతోనే మొదటి చెక్కు

"ముందు అరవై ఏడు చెప్పాల" అన్నాడు నాయన. "అక్కడ తప్పు మాదే."

1967 ఫిబ్రవరి 27. సుప్రీంకోర్టులో పదకొండు మంది న్యాయమూర్తులు గోలక్‌నాథ్ కేసులో తీర్పు చెప్పారు. ఆరుగురు ఒకవైపు, ఐదుగురు మరోవైపు. పౌరుల ప్రాథమిక హక్కులను తగ్గించే అధికారం పార్లమెంటుకు లేదన్నది ఆ ఆరుగురి మాట. అప్పట్లో ఆస్తి కూడా ప్రాథమిక హక్కే. ఆరుగురిలో ముందున్నది ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు. రాజమండ్రిలో పుట్టినవాడు, 1954లో గుంటూరులో మొదలైన ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తి. భూమి గురించి భయపడుతున్న రైతుకు ఆ రోజు ఆయన దేవుడిలా కనిపించాడు.

ఆరు వారాలు గడిచాయి. ఏప్రిల్ 11న సుబ్బారావు పదవికి రాజీనామా చేశాడు. రిటైర్మెంటుకు ఇంకా మూడు నెలలుంది. ప్రతిపక్షాలు ఆయన్ను రాష్ట్రపతి అభ్యర్థిగా నిలబెట్టాయి. స్వతంత్ర పార్టీ కూడా వెంట నిలిచింది. మే నెలలో ఫలితం వచ్చింది. జాకీర్ హుస్సేన్‌కు 4,71,244 ఓట్లు, సుబ్బారావుకు 3,63,971.

"జడ్జి కుర్చీ దిగి నేరుగా ఎన్నికల బరిలోకి వస్తే, ఆయన చెప్పిన తీర్పును కూడా రేపు ఓట్ల లెక్కలోనే చూస్తారు కదా. వేరే వాళ్లు నిలబెట్టి ఉంటే మేం ఊరేగింపు తీసేవాళ్లం. మన మనిషి కాబట్టి గమ్మున ఉన్నాం."

నాయన గట్టు సంగతి ఎత్తింది ఇక్కడే. రెండు చేల మధ్య గట్టుంటుంది. దుక్కికి ముందు ఒక రైతు పార తీసుకొని, పక్కవాడు చూడనప్పుడు, గట్టును జానెడు చెక్కి తన చేలో కలుపుకుంటాడు. ఆ ఏడు అది ఎవరి కంటా పడదు. మరుసటేడు పక్కవాడు తనవైపు జానెడు చెక్కుతాడు. కొన్నేళ్లకు గట్టు మీద మనిషి నడవలేడు. పెద్దవాన వచ్చిన రోజు ఇద్దరి మన్నూ కొట్టుకుపోతుంది.

రెండు కుర్చీలు ఖాళీ

1969 మే 3. పదవిలో ఉండగానే రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ కన్నుమూశారు. ఉపరాష్ట్రపతి వి.వి.గిరి తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. బరంపురంలో పుట్టిన తెలుగువాడు, కార్మికోద్యమం నుంచి ఎదిగిన నాయకుడు. 1954లో బ్యాంకు ఉద్యోగుల తీర్పును ప్రభుత్వం మార్చిందని కేంద్ర కార్మిక మంత్రి పదవినే వదులుకున్నాడు.

జూలైలో బెంగళూరులో కాంగ్రెస్ పెద్దలు సమావేశమయ్యారు. ప్రధాని ఇందిరా గాంధీ మనసులో ఉన్న పేర్లు వేరు. పార్లమెంటరీ బోర్డులో మెజారిటీ నిలిచింది లోక్‌సభ స్పీకర్ నీలం సంజీవరెడ్డి పేరు దగ్గర. ఆయనా తెలుగువాడే. అనంతపురం జిల్లా ఇల్లూరు.

నాయన సంజీవరెడ్డికి ఏనాడూ ఓటేయలేదు. ఆయన కాంగ్రెస్, మేం స్వతంత్ర. అయినా రెండు విషయాల్లో ఆయనంటే నాయనకు గౌరవం. 1964లో కర్నూలు బస్సు రూట్ల జాతీయం కేసులో సుప్రీంకోర్టు తప్పుపట్టగానే ముఖ్యమంత్రి పదవి వదిలేశాడు. 1967లో స్పీకర్ కాగానే, ఆ కుర్చీకి పార్టీ ఉండకూడదని కాంగ్రెస్ సభ్యత్వానికే రాజీనామా చేశాడు. అంతకు ముందు ఏ లోక్‌సభ స్పీకరూ ఆ పని చేయలేదు. ఏ చట్టమూ ఆయన్ను చేయమనలేదు. మర్యాద అడిగింది, చేశాడు.

జూలై 16న మొరార్జీ దేశాయ్ చేతి నుంచి ఆర్థిక శాఖ పోయింది. 19న 14 బ్యాంకులను జాతీయం చేసే ఆర్డినెన్సు వచ్చింది. దాని మీద సంతకం తాత్కాలిక రాష్ట్రపతి గిరిది. అదే రోజు సంజీవరెడ్డి స్పీకర్ పదవి వదిలాడు. మర్నాడు, 20న, గిరి కూడా తన పదవులు వదిలి ఇండిపెండెంట్ అభ్యర్థిగా బరిలోకి దిగాడు. అర్ధరాత్రి దాటాక చంద్రుడి మీద మనిషి దిగినట్టు రేడియో చెప్పింది. మా ఊళ్లో రెండు వార్తలూ ఒకే అరుగు మీద చర్చకొచ్చాయట.

రెండు కుర్చీలూ ఖాళీ. రాష్ట్రపతీ లేడు, ఉపరాష్ట్రపతీ లేడు. అలాంటి వేళ ప్రధాన న్యాయమూర్తి బాధ్యత చూడాలని మే నెలలోనే పార్లమెంటు చట్టం చేసి ఉండబట్టి హిదయతుల్లా ఆ కుర్చీలో కూర్చున్నారు. ఆ నెలాఖరున వచ్చిన అమెరికా అధ్యక్షుడు నిక్సన్‌కు రాష్ట్రపతి హోదాలో ఆతిథ్యమిచ్చింది ఆయనే.

అంతరాత్మ

సంజీవరెడ్డి నామినేషన్ పత్రం మీద ప్రతిపాదకురాలిగా సంతకం చేసింది ఇందిరా గాంధీయే. నాయన ఈ మాట రెండుసార్లు చెప్పాడు.

ఆగస్టులో కాంగ్రెస్ అధ్యక్షుడు నిజలింగప్ప స్వతంత్ర, జనసంఘ్ నాయకులతో మాట్లాడాడు. వాళ్ల అభ్యర్థి సి.డి.దేశ్‌ముఖ్. మొదటి ఓటు ఆయనకే వేసుకోండి, రెండో ప్రాధాన్య ఓటు మాత్రం రెడ్డికి వేయండి అన్నది ఆ బేరం. ప్రధాని వర్గానికి అది ఆయుధమైంది. పార్టీ పెద్దలు మితవాదులతో చేతులు కలిపారన్న ప్రచారం ఊరూరికీ పాకింది. రెడ్డి వ్యక్తిత్వాన్ని దిగజార్చే పేరులేని కరపత్రం పార్లమెంటు సెంట్రల్ హాల్లోనే పంచారన్న ఆరోపణ తర్వాత కోర్టుకెక్కింది. చివరకు పోలింగు ముంగిట ప్రధాని మాట వచ్చింది. ఎవరి అంతరాత్మ చెప్పినట్టు వాళ్లు ఓటేయవచ్చు.

అంతరాత్మ ప్రబోధం. ఆ రెండు మాటలు ఆ ఏడాది తెలుగునాట అరుగుల మీదా, హోటళ్లలోనూ నలిగినట్టు ఇంకే మాటా నలగలేదు.

న్యాయంగా చెప్పుకోవాలి. అది రహస్య ఓటు. పార్టీ ఆజ్ఞకు కట్టుబడాలని చట్టంలో లేదు. అంతరాత్మ చెడ్డదని ఏ సంప్రదాయవాదీ అనడు. మా బాధ వేరు. అంతరాత్మ మేల్కోవలసింది నామినేషన్ మీద సంతకం పెట్టేముందు. సంతకం పెట్టాక, గెలవదనుకున్న మాటను గెలిపించుకోవడానికి నిద్ర లేపితే దాన్ని అంతరాత్మ అనడానికి నోరు రాదు. ఇచ్చిన మాట కూడా ఒక గట్టే. అటు చేనెవరిది, ఇటు చేనెవరిది అన్న ప్రశ్న దానికి లేదు.

ఆగస్టు 16న పోలింగ్ జరిగింది.

పదకొండు గింజలు

ఆగస్టు 20న లెక్కింపు. బరిలో 15 మంది. అప్పటి లెక్కలో ఒక ఎంపీ ఓటు విలువ 576, మన రాష్ట్ర ఎమ్మెల్యేది 125. మొదటి ప్రాధాన్య ఓట్లు గిరికి 4,01,515. రెడ్డికి 3,13,548. దేశ్‌ముఖ్‌కు 1,12,769. గెలవడానికి కావలసింది 4,18,169. ఎవరికీ చాలలేదు.

"ఒక్కో బుడ్డ పదివేల ఓట్లనుకో" అంటూ నాయన మూడో కుప్పను పళ్లెం మధ్యకు లాగాడు. "ఇవి మావి."

రెండో ప్రాధాన్య ఓట్ల ప్రకారం దేశ్‌ముఖ్ కుప్పలోంచి తొమ్మిది గింజలు రెడ్డి వైపు జరిపాడు. ఒకటి గిరి వైపు జరిపి, మిగిలిన ఒక్కదాన్ని వేళ్ల మధ్య కాసేపు తిప్పి దాన్నీ గిరి కుప్పలోనే వేశాడు. వాటికి చిన్నాచితకా అభ్యర్థుల ఓట్లు కలిసి తుది లెక్క తేలింది. గిరికి 4,20,077. రెడ్డికి 4,05,427. తేడా 14,650. పళ్లెంలో చూస్తే ఒకటిన్నర గింజ.

నేను ఫోన్‌లో లెక్క వేశాను. పదమూడు మంది ఎంపీలు అటు నుంచి ఇటు వచ్చి ఉంటే రెడ్డి ముందుండేవాడు. భారత రాష్ట్రపతి ఎన్నికల్లో రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కపెట్టి విజేతను తేల్చింది ఆ ఒక్కసారే.

ఇల్లూరి దారి

నవంబరు 12న కాంగ్రెస్ ఇందిరా గాంధీని బహిష్కరించింది. పార్టీ రెండుగా చీలింది. 1970 ఫిబ్రవరిలో బ్యాంకుల జాతీయ చట్టాన్ని సుప్రీంకోర్టు కొట్టేస్తే ప్రభుత్వం కొత్త ఆర్డినెన్సు తెచ్చింది. 1975 జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ కాగితం రాష్ట్రపతి భవన్‌కు వెళ్లింది. ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ సంతకం పెట్టారు. ఆ సంతకానికి 1969 ఒక్కటే కారణమని నేననను. కానీ రాష్ట్రపతి ఎవరి మనిషి అన్న ప్రశ్న ఆ వానాకాలం తర్వాత ఈ దేశాన్ని వదల్లేదు. గట్టు చెక్కితే పోయేది జానెడు మన్నే. నీళ్లకు దారి దొరికేదీ అక్కడే.

నిలిచిన గట్టు సంగతీ చెప్పాలి. గిరి ఎన్నిక చెల్లదని పిటిషన్లు పడ్డాయి. రాష్ట్రపతిగా ఉన్న గిరి స్వయంగా సుప్రీంకోర్టుకు వెళ్లి సాక్ష్యం చెప్పారు. కోర్టు పిటిషన్లను కొట్టేసింది. పడని వాళ్లు కూడా ఆ తీర్పుకు తలవంచారు. నాయన మొగ్గు గిరి వైపు కాదు, అయినా ఆ ఒక్క పనికి ఆయనకు దండం పెడతాడు.

సంజీవరెడ్డి? ఓడిన మనిషి ఇల్లూరికి వెళ్లి సేద్యం చేసుకున్నాడు. దేశమంతా తిరిగి అన్యాయమైపోయానని గోల చేయలేదు. 1977లో ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానాల్లో 41 కాంగ్రెస్‌కు పోతే, జనతా పార్టీ గెలిచిన ఆ ఒక్కటీ నంద్యాల, ఆ ఒక్కడూ ఆయన. ఆ జూలైలో పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యాడు.

నాయన గింజలన్నీ కలిపేసి పళ్లెం పక్కకు పెట్టాడు. టీవీలో మళ్లీ అమెరికా. నా మొగ్గు ఎటో ఆయనకు తెలుసు.

"నాలుగేండ్ల కింద మీవాడు ఓడినాడని ఒప్పుకున్నాడా?"

ఒప్పుకోలేదు. 2021 జనవరి 6న వాషింగ్టన్‌లో పార్లమెంటు భవనం మీదకు జనం ఎగబడటం ఈ టీవీలోనే చూశాను. అప్పుడు నోరెత్తి ఒక్క మాట అనలేదు. ఇప్పుడూ నా దగ్గర జవాబు లేదు. సుబ్బారావు నామినేషన్ రోజు అరుగు మీద నాయన ఎలా కూర్చున్నాడో, ఆ నాలుగేళ్లూ నేనూ అలాగే గమ్మున కూర్చున్నాను. సంప్రదాయాన్ని కాపాడతానన్నవాడు ముందు తనవాడి చేతిలోని పారను పట్టుకోవాలి. ఎదుటివాడి పార సంగతి తర్వాత.

గురువారం పొద్దున డ్యూటీకి బయల్దేరుతున్నాను. కింద కంపెనీ బస్సు హారన్ కొడుతోంది. నాయన బాల్కనీలో కరివేపాకు కుండీకి నీళ్లు పోస్తూ తల తిప్పకుండానే అడిగాడు.

"ఓడినామె ఒప్పుకుందా?"

"ఒప్పుకుంది నాయనా. గెలిచినాయనకు ఫోన్ చేసి చెప్పింది."

"సరే, పోయిరా" అన్నాడు. మిగిలిన నీళ్లు కుండీ అంచుల వెంట చుట్టూ పోసి, జారిన మట్టిని వేళ్లతో లోపలికి నొక్కాడు.