మైకుసెట్టు నుంచి డీజే కంట్రోలరు దాకా

హోసూరులో దాన్ని ఒలిపెరుక్కి అంటారు. బళ్ళారిలో ధ్వనివర్ధక, సోలాపూరులో ధ్వనిక్షేపక్. మన పాఠ్యపుస్తకాలు ధ్వనివర్ధకం అన్నాయి. ఈ పేర్లన్నీ బోర్డులకూ, పోలీసు స్టేషనులో ఇచ్చే అర్జీలకూ పరిమితం. పెళ్ళి పెట్టుకున్న ఇంటాయన ఏ భాషవాడైనా "మైకుకు చెప్పారా?" అనే అడుగుతాడు. నిజానికి మైకు మనం మాట్లాడేది, మోగేది స్పీకరు. ఆ తేడాను మనవాళ్ళు ఎన్నడూ పట్టించుకోలేదు. మైకు అన్న ఒక్క మాటలోనే యాంప్లిఫయరు, గొట్టం, రికార్డుల పెట్టె, బ్యాటరీ, వాటిని సైకిలు మీద మోసుకొచ్చిన మనిషి, అందరూ ఇమిడిపోయారు. ఇప్పుడు ఆ చోటులోకి డీజే అన్న మాట వచ్చింది. అదీ అంతే, మనిషికీ యంత్రానికీ బండికీ కలిపి ఒకటే పేరు.

మీలో కొందరు ఇంట్లో నగ తాకట్టు పెట్టి కంట్రోలరు కొనాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్ళు ఉంటారు. ఈ చరిత్ర ముఖ్యంగా వాళ్ళ కోసం. ఈ వృత్తిలో ఏది ఎన్నాళ్ళు నిలిచిందో తెలిస్తే డబ్బు ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది.

పెద్ద గొంతు పుట్టిన చోటు అమెరికాలోని కాలిఫోర్నియా. పీటర్ జెన్సెన్, ఎడ్విన్ ప్రిడ్‌హామ్ అనే ఇద్దరు 1915లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో క్రిస్మస్ ముందురోజు రాత్రి వేలాది మందికి తమ లౌడ్‌స్పీకరును వినిపించారు. నేటి స్పీకర్లలో కనిపించే కాగితపు శంఖం, వెనక అయస్కాంతం ఉన్న నమూనాను రైస్, కెల్లాగ్ అనే ఇంజనీర్లు 1925లో రూపొందించారు. మన దేశంలో ఈ యంత్రాన్ని జనం మధ్యకు తెచ్చినవాటిలో రాజకీయ సభలు ముఖ్యమైనవి. 1930లలో కాంగ్రెస్ సభలకు స్పీకర్లు అమర్చిన షికాగో రేడియో సంస్థ పేరుకే విదేశీది. దాన్ని నడిపింది సింధు ప్రాంతానికి చెందిన మోత్వానీ కుటుంబం. 1940లో అహూజా సంస్థ మొదలైంది. ఆ పేరు తర్వాతి యాభై ఏళ్ళలో మన ఊళ్ళలో యాంప్లిఫయరుకు మారుపేరైపోయింది.

ఊళ్ళో కరెంటు లేదు. అయినా పెళ్ళికి మైకు కావాలి. అందుకే ఆ యాంప్లిఫయర్లు పన్నెండు వోల్టుల కారు బ్యాటరీ మీద కూడా పనిచేసేవి. శక్తి ముప్పై నలభై వాట్లు. ఈనాటి కుర్రవాళ్ళకు చెబితే నవ్వుతారు. కానీ వేపచెట్టు కొమ్మకు కట్టిన గొట్టం పక్క ఊరికి వినిపించేది. కారణం ఆ గొట్టం ఆకారమే. అది తనకందిన కొద్ది శక్తినీ వృథా చేయకుండా ఒకే దిక్కుకు తోస్తుంది. మనిషి గొంతు ఉండే మధ్య శ్రుతులను బాగా పంపుతుంది, కింది శ్రుతులను వదిలేస్తుంది. అందుకే ఆనాటి మైకులో మాట స్పష్టంగా వినిపించేది, డోలు దెబ్బ పల్చగా వినిపించేది. ఈనాటి పెట్టెల్లో డోలు గుండెకు తగులుతుంది, పురోహితుడి మాట మాత్రం అర్థం కాదు. ఏది మేలో నేను చెప్పను గాని, పెళ్ళిలో ఆ రెండూ కావాలి.

గొట్టానికి పాట అందించే పెట్టె మాత్రం నిలకడగా ఉండలేదు. ఒక్కో వైపు మూడు నిమిషాల చిల్లర పాట ఉండే లక్క రికార్డులు ముందు వచ్చాయి. 1948లో అమెరికాలో పుట్టిన ఎల్పీ రికార్డు మెల్లగా మన దాకా చేరింది. 1974లో కన్నుమూసిన ఘంటసాల పాడిన భగవద్గీత, 1977లో వచ్చిన దానవీరశూరకర్ణ సంభాషణలు మైకుసెట్టు పెట్టెలో లేకపోతే ఆ సెట్టుకు గిరాకీ ఉండేది కాదు. మన సరిహద్దు ఊళ్ళలో ఆ పెట్టె మరింత బరువు. బ్రహ్మపురంలో ఒడియా పాట ఉండాలి, బళ్ళారిలో రాజ్‌కుమార్ ఉండాలి, హోసూరులో టి.ఎం. సౌందరరాజన్ ఉండాలి, అన్నిచోట్లా హిందీ ఉండాలి. పెళ్ళికొడుకు వైపు ఒక భాష, పెళ్ళికూతురు వైపు ఒక భాష. ఏ పాట ముందు వేయాలన్నది మైకాయన తీర్పు. ఆ తీర్పు తప్పితే భోజనాల దగ్గర మాట వచ్చేది.

1963లో ఫిలిప్స్ తయారుచేసిన క్యాసెట్టు 1980లలో మన దగ్గర వెల్లువెత్తింది. పెట్టెలకు పెట్టెలు రికార్డులు కొన్నవాళ్ళు వాటిని అటక మీద పెట్టేశారు. తర్వాత సీడీ, దాని వెనకే ఒక్క బిళ్ళలో నూట యాభై పాటలు పట్టే ఎంపీ3. ఆ తర్వాత పెన్‌డ్రైవు, సెల్‌ఫోను. గమనించండి. ఈ మార్పులన్నిటిలోనూ పారేయాల్సి వచ్చింది పాట దాచే వస్తువునే. యాంప్లిఫయరు, స్పీకరు, తీగలు మాత్రం మరమ్మతుతో తండ్రి నుంచి కొడుక్కి వచ్చాయి.

ఇక డీజే సంగతి. దీని మూలం పెద్ద హోటళ్ళలో ఉందనుకుంటారు చాలామంది. నిజానికి అది మన మైకుసెట్టుకు అన్నలాంటిది. 1950లలో జమైకా దీవిలో కింగ్‌స్టన్ నగరపు పేటల్లో లారీల మీద స్పీకర్లు తెచ్చి వీధిలో పాటలు వేసేవారు. వాటిని సౌండ్ సిస్టమ్ అనేవారు. పోటీవాడికి తెలియకుండా రికార్డు మీది పేరు గీకేసేవారట! మన తిరునాళ్ళలో రెండు మైకుసెట్లు ఎదురెదురుగా పడ్డ రోజులు చూసినవాళ్ళకు ఇది కొత్తగా అనిపించదు. ఆ దీవిలో పుట్టి న్యూయార్కు చేరిన కూల్ హెర్క్ అనే యువకుడు 1973 ఆగస్టు 11న బ్రాంక్స్ పేటలో, చెల్లెలు ఏర్పాటు చేసిన విందులో పాటలు వేశాడు. జనం ఎక్కువగా ఆడేది పాటలో వాద్యం ఒక్కటే మోగే కొద్ది క్షణాలకని అతను కనిపెట్టాడు. ఒకే రికార్డు రెండు ప్రతులు పక్కపక్కన పెట్టి, ఆ ముక్కనే ఇటూ అటూ మార్చి మార్చి సాగదీశాడు. రెండు తిరుగుడు పళ్ళేలు, మధ్యలో మిక్సరు. నేటి కంట్రోలరు ముఖం కూడా అదే.

2000 తర్వాత పాట కంప్యూటరులోకి వెళ్ళింది. 2003లో హెర్క్యులిస్ సంస్థ పళ్ళేలు, మిక్సరు కలిపిన ఒక చిన్న పలకను అమ్మకానికి తెచ్చింది. కంట్రోలర్ల వరసలో తొలివాటిలో అదొకటి. ఇక్కడ ఒక విషయం స్పష్టంగా తెలుసుకోవాలి. మామూలు కంట్రోలరులో పాట ఉండదు. మీరు చక్రం తిప్పితే, మీట జరిపితే ఆ సంగతి లాప్‌టాప్‌కు చెబుతుంది. పాట నడిపేది లాప్‌టాప్. కంట్రోలరు లోపలి సౌండుకార్డు ఒక దారిలో జనానికి, రెండో దారిలో మీ హెడ్‌ఫోనుకు శబ్దం పంపుతుంది. లాప్‌టాప్ అవసరం లేకుండా పెన్‌డ్రైవుతో నడిచేవి వేరే ఉన్నాయి, వాటి ధర చాలా ఎక్కువ.

కాబట్టి కొనేటప్పుడు రంగురంగుల దీపాలను కాదు, వెనక వైపు చూడండి. స్పీకర్లకు వెళ్ళే చోట మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ ఉందా? ఆర్‌సీఏ మాత్రమే ఉన్నది గదిలో నేర్చుకోవడానికి సరిపోతుంది. పందిట్లో తీగ ముప్పై మీటర్లు లాగితే, పక్కన సీరియల్ లైట్ల తీగ ఉంటే, అది గుయ్యిమంటుంది. మూడు పిన్నుల తీగలో ఆ గుయ్యి తనంతట తానే రద్దయ్యే ఏర్పాటు ఉంది. మైకు పెట్టే చోటు, దానికి విడిగా శబ్దం తగ్గించే మీట ఉండాలి. "మీ వియ్యంకులు వచ్చారు" అని చెప్పడానికి పాట మొత్తం ఆపనక్కరలేదు. కరెంటు ఎక్కడి నుంచి తీసుకుంటుందో అడగండి. లాప్‌టాప్ యూఎస్‌బీ నుంచే తీసుకునేది జనరేటరు ఆగినా బతికి ఉంటుంది. అడాప్టరు కావాల్సింది ఆరిపోతుంది, మళ్ళీ లేవడానికి సమయం తీసుకుంటుంది. ఆ నిమిషం నిశ్శబ్దం బారాత్ మధ్యలో ఎంత పొడుగ్గా ఉంటుందో ఈ పని చేసినవాళ్ళను అడగండి.

రెండు పాటల లయను తానే కలిపే సింక్ బటను చూసి మురిసిపోకండి. కంప్యూటరు మీద కట్టిన కొత్త పాటల్లో అది బాగానే పనిచేస్తుంది. పాత పాటలు మనుషులు వాయించినవి, నడక కొంచెం అటూ ఇటూ అవుతుంది. పైగా మన తీన్‌మారు నడక ఆరు లెక్కలోది, డిస్కో నాలుగు లెక్కలోది. ఆ రెంటినీ బటను కలపలేదు, చెవి కలపాలి. హెడ్‌ఫోను మంచిది కొనండి.

వాట్ల విషయంలోనే మనవాళ్ళు ఎక్కువ మోసపోతున్నారు. అయిదు వందల వాట్లను వెయ్యి చేస్తే పెరిగేది మూడు డెసిబెల్స్. చెవికి రెట్టింపుగా తోచాలంటే పది డెసిబెల్స్ కావాలి, అంటే పది రెట్ల శక్తి. బయట మైదానంలో దూరం రెట్టింపైతే ఆరు డెసిబెల్స్ పడిపోతుంది. అందుకే ముందు గోడలాగా పెట్టెలు పేర్చేకన్నా, పందిరి మధ్యలో మరో జత చిన్నవి పెట్టడం మేలు. ముందు వరసలో ముసలివాళ్ళు, పసిపిల్లలు కూర్చుంటారని మర్చిపోవద్దు. మీ చెవుల సంగతీ అంతే. 85 డెసిబెల్స్‌లో ఎనిమిది గంటలు ఉండవచ్చని వృత్తి ఆరోగ్య శాస్త్రం చెబుతుంది. అక్కణ్ణించి ప్రతి మూడు డెసిబెల్స్‌కూ ఆ సమయం సగం. వంద దగ్గర పదిహేను నిమిషాలు. ఒక పెళ్ళిళ్ళ సీజను మొత్తం పెట్టెల పక్కన నిలబడే కుర్రవాడికి ముప్పయ్యేళ్ళు నిండకుండానే చెవిలో ఈల మొదలైతే దానికి మందు లేదు.

నా లెక్కలో చేతిలోని డబ్బులో పెద్ద వాటా స్పీకర్లకూ యాంప్లిఫయరుకూ పోవాలి, తర్వాత తీగలు, ఎర్తింగు. మిగిలినదాంట్లో కంట్రోలరు, వీలైతే వాడినదే. అది నాలుగైదేళ్ళలో పాతబడుతుంది, ఆ పెట్టెల గతే దానికీ. అప్పు చేయాల్సి వస్తే మొదటి సీజను అద్దెకు తెచ్చి నడిపి చూడండి.

బండి మీద పెట్టెలు కట్టేటప్పుడు మొత్తం ఎత్తు కొలవండి. ఊరేగింపు వీధిలో కరెంటు తీగలు ఎంత ఎత్తున ఉన్నాయో పగలే వెళ్ళి చూసుకోండి. వాటికి తగిలి ప్రాణాలు పోయిన వార్తలు మనం వింటూనే ఉన్నాం. శబ్ద కాలుష్య నియమాలు 2000లో వచ్చాయి. వాటి ప్రకారం లౌడ్‌స్పీకరుకు రాతపూర్వక అనుమతి ఉండాలి, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట మోగకూడదు. పండుగలకు ఏడాదిలో పదిహేను రోజులు మించకుండా అర్ధరాత్రి దాకా సడలించే అధికారం రాష్ట్రానిది. మీ బండి ఒకే రాత్రి రెండు రాష్ట్రాల్లో తిరగవచ్చు, అనుమతి కాగితం మాత్రం సరిహద్దు దాటదు. ఎక్కడి ఊరేగింపుకు అక్కడ తీసుకోవాలి. పెళ్ళిలో పాటలు వేసినందుకు లైసెన్సు రుసుము కట్టమని ఎవరైనా వస్తే, పెళ్ళి ఊరేగింపునూ పెళ్ళికి సంబంధించిన వేడుకలనూ 1957 నాటి కాపీరైటు చట్టం 52వ సెక్షను మినహాయించిందని మర్యాదగా చెప్పండి. టిక్కెట్టు పెట్టి నడిపే కార్యక్రమాలకు ఆ మినహాయింపు లేదు.

చివరిగా ఒక చిన్న సంగతి. పాటలన్నీ ఒక పెన్‌డ్రైవులో విడిగా, భాషల వారీగా పెట్టుకోండి. లాప్‌టాప్ మొరాయించిన రాత్రి దాన్ని మామూలు ప్లేయరులో గుచ్చి పెళ్ళి నడిపించవచ్చు. కంట్రోలరు ఆపే ముందు యాంప్లిఫయరు ఆపండి, వేసేటప్పుడు దాన్ని ఆఖర్న వేయండి. లేకపోతే వచ్చే ఆ టప్‌మన్న దెబ్బకు స్పీకరు కాయిలు పోతుంది.