మాట పంపే కరెంటు ఎవరి పద్దు?

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్ర విషయమేదైనా వ్రాయమని కార్యవర్గ మిత్రులు కోరారు. పల్నాటి వీరుల గురించి పెద్దలెందరో వ్రాసియున్నారు. కనుక నేను గాలిలో మాట పంపే విద్య చరిత్రను ఎంచుకొన్నాను. ఉద్యోగకాలమంతా పద్దులు వ్రాసినవాణ్ణి గనుక, ఇందులో కరెంటు ఖర్చు ఎవరు భరించారన్నదే నాకు ముఖ్యంగా తోచింది.

మద్రాసు ఆకాశవాణి కేంద్రం 1938 జూన్ 16న, విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న ప్రారంభమైనాయి. మా చిన్నతనంలో బొల్లాపల్లి వైపు పల్లెల్లో చాలా ఇళ్లకు కరెంటు లేదు. ట్రాన్సిస్టరు ఉన్నవారి అరుగు మీద సాయంత్రం పదిమంది చేరేవారు. సెల్లు నీరసిస్తే ఎండలో పెట్టి మరో రెండు రోజులు నడిపేవాళ్లం. అంత చిన్న సెల్లకే విజయవాడ మాట వినబడేదంటే, అసలు ఖర్చు అవతలివారు భరించబట్టే.

మీడియం వేవులో వాడే పద్ధతి యాంప్లిట్యూడ్ మాడ్యులేషన్. వాహక తరంగం ఎడ్లబండి అనుకుంటే, మాట అందులో వేసిన సరుకు. సరుకు ఉన్నా లేకున్నా బండి నడవాలి, ఎడ్లకు మేత పెట్టాలి. అనౌన్సరు ఊరుకున్న క్షణంలో కూడా వాహకం ప్రసారమవుతూనే ఉంటుంది. పూర్తి స్థాయి మాడ్యులేషన్‌లో సైతం మూడింట రెండు వంతుల శక్తి వాహకానికే పోతుంది. మిగిలిన వంతును రెండు పక్క పట్టీలు పంచుకొంటాయి. ఆ రెండింటిలోనూ ఉండేది ఒకే మాట!

ఈ దుబారా ఇంజనీర్లకు తెలియనిది కాదు. అమెరికాలో జాన్ కార్సన్ 1915లోనే వాహకాన్ని, ఒక పక్క పట్టీని వదిలేసి రెండో పట్టీని మాత్రమే పంపే ఉపాయం చెప్పాడు. 1927లో లండన్-న్యూయార్క్ రేడియో టెలిఫోను ఆ పద్ధతిలోనే నడిచింది. అయితే వదిలేసిన వాహకాన్ని వినేవాడి యంత్రం మళ్లీ తయారుచేసుకోవాలి, అంటే యంత్రం ఖరీదు పెరుగుతుంది. రేడియో కేంద్రం ఒక్కటి, వినే ఇళ్లు లక్షలు. అందుకే కేంద్రం కరెంటు ఖర్చు మోసింది, పల్లె చౌక రేడియోతో బయటపడింది.

సెల్‌ఫోను వచ్చేసరికి లెక్క తిరగబడింది. మన దేశంలో తొలి మొబైల్ సంభాషణ 1995 జూలై 31న జరిగింది. ఇక్కడ వినేవాడే మాట పంపాలి, అదీ జేబులో పట్టే బ్యాటరీతో. జీఎస్ఎం ఫోన్లలో వాడిన జీఎంఎస్‌కే పద్ధతిని జపాన్ ఇంజనీర్లు మురోటా, హిరాడే 1981లో వెలువరించారు. అందులో తరంగం ఎత్తు మారదు. ఎత్తుపల్లాలు లేని బాటలో బండిలాగా, ఫోనులోని యాంప్లిఫయరు తక్కువ వృథాతో పూర్తి బలంగా పనిచేయగలదు. తరువాత వచ్చిన 4జీలో టవరు నుంచి ఫోనుకు ఒక పద్ధతి, ఫోను నుంచి టవరుకు వేరొక పద్ధతి పెట్టారు. రెండోది ఫోను బ్యాటరీని కాపాడటానికే. ఇక్కడా భారం పెద్దవాడి మీదనే వేశారు.

ఇప్పుడు మూడో మలుపు వచ్చింది. ఆకాశవాణి దేశంలో సుమారు 35 మీడియం వేవు కేంద్రాల్లో డీఆర్ఎం అనే డిజిటల్ ప్రసార యంత్రాలు ఏర్పాటు చేసింది. తక్కువ శక్తితో అంతే మేర ప్రసారం చేయగలగటం దాని సుగుణం. ప్రభుత్వ ఖజానాకు అది ఆదాయే. కాని డిజిటల్ ప్రసారాన్ని మన పాత ట్రాన్సిస్టరు అందుకోలేదు. అందుకు తగిన రేడియోలు బజారులో అరుదు, ఖరీదు కూడా.

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన మనవారెవరూ మరచిపోలేదు. అటువంటి రాత్రి కరెంటు స్తంభాలు, టవర్లు కూలినా రెండు సెల్ల రేడియో దూరపు కేంద్రం మాట వినిపించగలదు. పొదుపు మంచిదే. కాని ఒక పద్దులో తగ్గించిన ఖర్చు మరో పద్దులో ఎక్కడ తేలిందో చూడకుండా లెక్క సరిపోయిందని ఏ గుమాస్తా సంతకం పెట్టడు. చౌక డిజిటల్ రేడియో పల్లె అరుగు మీదికి చేరేవరకు పాత ప్రసారం కూడా ఉంచటం ధర్మమని నా మనవి.