ఎముకల మీది గాట్లు

ఇటీవల సిరిసిల్ల సాహిత్యగోష్ఠిలో ఒక మిత్రుడు, ఆదిమ పూర్వికులు సాటి మనిషిని తిన్నట్టు శిలాస్థులే సాక్ష్యం చెబుతున్నాయనీ, కనుక బలవంతుడు బలహీనుణ్ణి తినడం సృష్టిధర్మమేననీ వాదించాడు. కొందరు తలలూపారు. ఆ తలలూపుడే నాచేత ఇది వ్రాయిస్తున్నది.

కెన్యాలో తుర్కానా సరస్సు ప్రాంతాన 1970లో మేరీ లీకీకి ఒక కాలి ఎముక దొరికింది. వయస్సు సుమారు 14.5 లక్షల ఏళ్లు. దానిమీది 11 గుర్తులలో తొమ్మిది రాతి పనిముట్టు గాట్లనీ, రెండు సింహం వంటి మృగం పంటిగాట్లనీ బ్రియానా పోబినర్ బృందం 2023లో ప్రకటించింది. గాట్లు పిక్కకండ ఎముకకు అంటుకొనే చోటే ఉన్నాయి. మాంసం కోశారన్న మాట. కాని ఆ కాలు ఏ మానవజాతిదో తేలలేదు. కోసినవాడూ ఆ జాతివాడైతేనే గదా స్వజాతి భక్షణ అనడం!

స్పెయిన్‌లోని గ్రాన్ దొలీనా గుహలో అంత సందేహం లేదు. అక్కడి ఎముకలు సుమారు 8 లక్షల ఏళ్లనాటివి. తిన్న జంతువుల ఎముకలపై ఎటువంటి గాట్లో, మనుషుల ఎముకలపైనా అటువంటివే. మూలుగకోసం పగలగొట్టారు. పిల్లల ఎముకలూ ఉన్నాయి. దీన్ని దాచవలసిన పని లేదు.

మరి సృష్టిధర్మం? దక్షిణాఫ్రికాలో రేమండ్ డార్ట్ 1953లో మన పూర్వికులను పుట్టు హంతకులుగా చిత్రించాడు. 1961లో రాబర్ట్ ఆర్డ్రీ దానిని లోకమంతా చాటాడు. తర్వాత సి.కె. బ్రెయిన్ పరీక్షించగా, అక్కడి ఒక పుర్రెకున్న రెండు తూట్లు చిరుతపులి కోరలకు సరిపోయాయి. వేటగాడనుకొన్నవాడే వేట! ఆకలి లెక్కా అంతే. మనిషి కండలో సుమారు 32 వేల కేలరీలు, మామత్ ఏనుగులో 36 లక్షలని జేమ్స్ కోల్ 2017లో లెక్కగట్టాడు. మనిషిని మనిషి తిన్నచోట శత్రుత్వమో, తంతో, కరువో వెతకాలి గాని, రక్తంలో ఉందనడం సోమరితనం.

జగిత్యాలలో భారతకథ పాఠం చెప్పేటప్పుడు నాకు బకాసురుని దగ్గర ఆగాలనిపిస్తుంది. ఏకచక్రపురంలో ఇంటికొక వంతు: బండెడు అన్నం, రెండు దున్నలు, ఒక మనిషి. పైగా ఊరిని కాపాడుతున్నందుకు అది అతని జీతమట! ఇది ఆకలి కాదు, వసూలు. వెట్టికి ఎదురుతిరిగినందుకు 1978లో ఈ జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలనే ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది.

గోష్ఠి ముగిశాక కోరుట్ల నుండి వచ్చిన వృద్ధుడొకాయన నా పక్కకు వచ్చాడు. "సారూ, బకాసురునికి వంతొచ్చిన్నాడే బండి. మా ఊళ్లె గడీకి దినాం పోయేది" అన్నాడు.