తుంగకి అమెరికాలో దొరికిన మర్యాద

ఈసారి ఎపిసోడ్ ఒక మొక్క గురించి. డ్యూటీలో ఉండి వినే టైమ్ దొరకనివాళ్ల కోసం ఇక్కడ రాసి పెడుతున్నా.

మన పొలాల్లో తుంగ పీకని చెయ్యి ఉండదు. పైన పీకేస్తాం, కింద గడ్డ మిగిలిపోతుంది, నాలుగు రోజులకి మళ్లీ లేస్తుంది. 1977లో అమెరికా శాస్త్రవేత్త లెరాయ్ హోమ్, ఇంకొందరు కలిసి ప్రపంచంలోని పరమ చెడ్డ కలుపు మొక్కల మీద పుస్తకం వేస్తే, అందులో మొదటి స్థానం తుంగకే ఇచ్చారు. అమెరికా దక్షిణ రాష్ట్రాల రైతులకి కూడా అది తలనొప్పే.

అదే తుంగ కుటుంబంలో పుట్టిన ఇంకో మొక్కని ఇక్కడ హ్యూస్టన్‌లో డబ్బులిచ్చి కొనుక్కుంటారు. మేం బిల్డింగ్ పని ముగించి సామాన్లు సర్దుకునే వేళకి ల్యాండ్‌స్కేప్ వాళ్లు దిగి, ఫౌంటెన్ పక్కన దాన్ని నాటి పోతారు. మనిషికంటే ఎత్తు పెరుగుతుంది. కాండం మీద ఆకు కనపడదు, కొసన పచ్చటి దారాల కుచ్చు ఒకటి వేలాడుతుంది. కాండాన్ని వేళ్ల మధ్య తిప్పి చూడండి, మూడు పలకలు తగుల్తాయి. మన తుంగ కూడా అంతే కదా! దీని పేరు పాపిరస్. నర్సరీలో పొట్టి రకానికి 'కింగ్ టట్' అని చీటీ కట్టి అమ్ముతారు, ఈజిప్టు రాజు టుటంఖామున్ పేరు మీద.

పేరు ఊరికే పెట్టలేదు. ఐదు వేల ఏళ్ల కిందటే ఈజిప్టువాళ్లు ఈ కాండం పైతోలు తీసేసి, లోపలి తెల్లటి బెండుని పల్చటి పట్టీలుగా కోసి, ఒక వరస నిలువుగా, దానిమీద ఇంకో వరస అడ్డంగా పరిచి, నొక్కి ఆరబెట్టి రాసుకునే రేకులు చేశారు. పేపర్ అనే మాట కూడా పాపిరస్ నుంచే వచ్చింది. ఇదే మొక్కతో తాళ్లు, చాపలు, పడవలు కూడా చేసుకున్నారు. తుంగ చాప మీద పడుకున్నవాళ్లకి ఇందులో వింతేం లేదు.

ఆ రేకుల్లో చాలా ఇప్పుడు అమెరికాలోనే ఉన్నాయి. మిషిగన్ విశ్వవిద్యాలయం ఆచార్యుడు ఫ్రాన్సిస్ కెల్సీ 1920లో సేకరణ మొదలుపెట్టాడు. తర్వాత 1924 నుంచి 1935 దాకా ఆ విశ్వవిద్యాలయం వాళ్లే ఈజిప్టులో కరానిస్ అనే పాడుబడ్డ ఊరిని తవ్వారు. ఆన్ ఆర్బర్‌లో ఉన్న వాళ్ల సేకరణలో నాకు బాగా నచ్చింది రాజుల శాసనం కాదు, ఒక కుర్రాడి ఉత్తరం. పేరు అపొల్లినారియస్. సుమారు 1,800 ఏళ్ల కిందట రోమన్ నౌకాదళంలో చేరి, ఈజిప్టు వదిలి ఇటలీ వెళ్లాడు. రోమ్ చేరగానే తల్లికి గ్రీకులో రాశాడు: క్షేమంగా దిగాను, మిసెనం అనే చోట వేశారు, ఏ దళమో పేరు మాత్రం ఇంకా తెలియలేదు, మంచి చోటుకే వచ్చాను, దిగులు పెట్టుకోకు, అన్నదమ్ముల క్షేమం రాయి అని. దారిలో సైరీన్‌లో ఆగినప్పుడు కూడా, అటువైపు వచ్చే మనిషి దొరికాడని ఒక ఉత్తరం పంపాడు. విమానం దిగి, క్యాంపు ఎక్కడో తెలియకముందే అమ్మకి ఫోన్ చేసి 'అంతా బాగుంది' అన్నవాళ్లకి దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు.

ఒక తిరకాసు చూడండి. ఉత్తరం బతికింది ఎండు ఇసుకలో. మొక్క బతికేది తడిలో. చైనా నుంచి వచ్చిన కాగితం చవగ్గా దొరికాక ఈజిప్టులో పాపిరస్ రేకుల పని ఆగిపోయింది, దాన్ని నాటేవాళ్లు లేకుండా పోయారు. చివరికి మొక్క పుట్టి పేరు తెచ్చుకున్న నేల మీదే దాదాపు మాయమైంది. హసన్ రగబ్ అనే ఈజిప్టు ఇంజనీరు చైనాలో రాయబారిగా ఉన్నప్పుడు అక్కడ చేత్తో కాగితం చెయ్యడం చూశాడు. తిరిగొచ్చాక 1960లలో సూడాన్ నుంచి దుంపలు తెప్పించి నైలు ఒడ్డున నాటాడు, మర్చిపోయిన పనిని మళ్లీ చేసి చూసి నేర్చుకున్నాడు. పరాయి దేశంలో కళ్లు తెరుచుకుని తిరిగినవాడి పని ఇది అని నా అభిప్రాయం.

న్యూయార్క్ వెళ్లినవాళ్లు మెట్రోపాలిటన్ మ్యూజియంలో డెండూర్ గుడి చూడండి. అస్వాన్ ఆనకట్ట నీళ్లలో మునిగిపోకుండా 1963లో దాన్ని రాయి రాయిగా విప్పారు. నూబియా కట్టడాల్ని కాపాడటానికి సాయం చేసినందుకు 1965లో ఈజిప్టు అమెరికాకి ఇచ్చింది. 661 పెట్టెల్లో 800 టన్నుల రాయి వచ్చింది, 1978లో జనానికి తెరిచారు. అన్ని రాళ్లకి నంబర్లేసి, మళ్లీ అదే వరసలో పేర్చడం ఎంత పనో సైట్ మీద ఉన్నవాళ్లకి తెలుసు. ఆ గుడి అడుగున నీళ్లలోంచి లేస్తున్నట్టు పాపిరస్, తామర చెక్కారు. ముందున్న రెండు స్తంభాలు కూడా పాపిరస్ కట్టల ఆకారమే.

ఇంక పెంచడం సంగతి. మిగతా మొక్కలకి నీళ్లు నిలవకూడదంటాం, దీనికి నిలవాలి. అడుగున చిల్లు లేని తొట్టి తీసుకోండి, లేదా చిల్లున్న కుండీని నీళ్ల పళ్లెంలో పెట్టండి. బరువైన బంకమట్టి, రోజంతా ఎండ చాలు. కుచ్చుల కొసలు గోధుమ రంగుకి తిరిగాయంటే తడి తగ్గినట్టు. ఎండిన కాడల్ని మొదలంటా కోసెయ్యాలి. తొట్టి నిండిపోతే వసంతంలో దుంపని కత్తితో చీల్చి, మొలక ఉన్న ముక్కని వేరే తొట్టిలో పెట్టుకోవచ్చు.

చలే దీనికి శత్రువు. డాలస్ పైన ఉన్నవాళ్లు రాత్రి వేడి 40 ఫారన్‌హీట్‌కి దిగకముందే లోపలికి తెచ్చి, వెలుతురున్న కిటికీ దగ్గర పెట్టుకోవాలి. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ గడ్డకట్టినప్పుడు మా సైట్లలో నాటినవన్నీ పైన గడ్డిలా ఎండిపోయాయి. చాలావాటిని పీకి చెత్తలో వేశారు. పీకకుండా వదిలేసిన వాటిలో, దుంప లోతుగా ఉన్న కొన్ని వేసవికల్లా మళ్లీ లేచాయి. అందుకే పైన చూసి చచ్చిపోయిందనుకోకండి, మే నెల దాకా ఆగండి.

అపార్ట్‌మెంట్‌లో చోటు లేనివాళ్లకి దీని చుట్టం అంబ్రెల్లా ప్లాంట్ నయం, అది మడగాస్కర్, ఆఫ్రికా వైపుది. దాని గొడుగుని రెండంగుళాల కాడతో కోసి, గ్లాసు నీళ్లలో తలకిందులుగా వేస్తే కొన్ని వారాల్లో వేళ్లొస్తాయి. ఫ్రెండ్‌కి ఒక ముక్క ఇవ్వడానికి పైసా ఖర్చు ఉండదు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. ఎక్కువైన ముక్కల్ని వాగులో, చెరువులో పారెయ్యొద్దు. ఫ్లోరిడాలో పాపిరస్ ఇప్పటికే తోటల్లోంచి తప్పించుకుని తడి నేలల్లో పాతుకుపోయింది. తుంగ జాతి కదా, అలవాటు పోనిచ్చుకోలేదు.