చావుకు పేరు పెట్టేదెవరు? – హాక్స్ నెస్ట్ సొరంగం చెప్పే చరిత్ర

మా ఇళ్ళల్లో యూనివర్సిటీ గడప తొక్కిన మొదటి తరం మేం. కంకర మిల్లుకీ, పలుగురాయి పొడిచేసే పనికీ పోయి దగ్గుతో వాడకి తిరిగొచ్చినోళ్ళని చూస్తూ పెరిగాం. వాళ్ళ ఆస్పత్రి చీటీ మీద ఎప్పుడూ ఒకటే మాట ఉండేది – టీబీ. ‘ఏం పని చేశావు?’ అని అడిగిన డాక్టరుని మేం చూడలేదు. ఆ ఒక్క మాట మీదే కేసు, నష్టపరిహారం, చట్టం అన్నీ నిలబడతాయని చదువుకున్నాక తెలిసింది. టీబీ అయితే వాడ మురికి, రోగి తలరాత. సిలికోసిస్ అయితే యజమాని బాధ్యత. అందుకే జబ్బుకి పేరు పెట్టే అధికారం ఎవరి చేతిలో ఉందన్నది మనకి కులం ప్రశ్న, పెత్తనం ప్రశ్న.

దీన్ని తేటగా చూపే చరిత్ర ఒకటి అమెరికాలో ఉంది. నల్లవాళ్ళ పోరాటాల గురించి, పాంథర్ల గురించి మనం ఎంతో కొంత చదువుకున్నాం. హాక్స్ నెస్ట్ సొరంగం గురించి మాత్రం మన దగ్గర మాట్లాడినవాళ్ళు తక్కువ.

1930లో వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో, గాలీ బ్రిడ్జ్ అనే ఊరి దగ్గర, యూనియన్ కార్బైడ్ అనుబంధ కంపెనీ ఒక సొరంగం పని మొదలుపెట్టింది. న్యూ రివర్ నీళ్ళని కొండలోంచి మళ్ళించి కరెంటు తీయాలి. సొరంగం పొడవు సుమారు 3 మైళ్ళు. పనిని రైన్‌హార్ట్ అండ్ డెన్నిస్ అనే కాంట్రాక్టు కంపెనీకి అప్పజెప్పారు. అవి మహామాంద్యం రోజులు. దక్షిణాది రాష్ట్రాల నుంచి పని వెతుక్కుంటూ నల్లవాళ్ళు వచ్చారు. సొరంగం లోపల పనిచేసిన సుమారు 3 వేల మందిలో ముప్పాతిక వంతు వాళ్ళే.

ఆ కొండ రాయిలో సిలికా చాలా ఎక్కువ. కంపెనీకి ఈ సంగతి తెలియదనడానికి వీల్లేదు. ఎందుకంటే తవ్విన రాయిని తన లోహాల ఫ్యాక్టరీకి ముడిసరుకుగా వాడుకుంది. డ్రిల్లుకి నీళ్ళు పడితే దుమ్ము అణుగుతుంది, కానీ పని నెమ్మదిస్తుంది. అందుకని పొడి డ్రిల్లింగే చేయించారు. పేల్చిన వెంటనే, దుమ్ము దిగకముందే, లోపలికి తోలారు. నల్లగా లోపలికి పోయినవాళ్ళు తెల్లగా బయటకొచ్చేవాళ్ళని చూసినవాళ్ళు చెప్పారు. తనిఖీకొచ్చిన ఇంజనీర్లు ముఖాలకి మాస్కులు తగిలించుకున్నారనీ కార్మికులు తర్వాత సాక్ష్యం ఇచ్చారు.

‘అప్పటికి సైన్సు అంత ఎదగలేదు’ అనే వాదన ఇక్కడ చెల్లదు. కంటికి కనపడనంత సన్నని సిలికా రేణువు ఊపిరితిత్తుల అడుగుకి చేరి, అక్కడి కణాలని చంపి, మెత్తటి కండని గట్టి మచ్చగా మారుస్తుంది. దుమ్ములోంచి బయటకొచ్చినా ఈ జబ్బు ఆగదు. టీబీకి కూడా ఇదే దారి తీస్తుంది. అమెరికా ప్రభుత్వ నిపుణులు మిస్సోరీ రాష్ట్రంలోని జాప్లిన్ గనుల్లో 1910ల్లోనే దీన్ని పరిశీలించారు. దక్షిణాఫ్రికా బంగారు గనుల్లో అప్పటికే దీని మీద చట్టాలున్నాయి. మామూలుగా ఏళ్ళ తరబడి పట్టే ఈ జబ్బు, హాక్స్ నెస్ట్‌లో దుమ్ము దట్టంగా ఉండబట్టి కొన్ని నెలల్లోనే మనుషుల్ని తీసుకుపోయింది.

మరి నిపుణులు ఏం చేశారు? కంపెనీ డాక్టర్లు దానికి న్యుమోనియా అనీ, ‘టన్నెలైటిస్’ అనీ పేర్లు పెట్టి నల్ల మాత్రలిచ్చి పంపించారు. రాష్ట్ర గనుల శాఖ అధిపతి 1931లో మాస్కులు వాడమని కంపెనీకి స్వయంగా రాశాడు. అదే మనిషి 1933లో కోర్టు బోనెక్కి, దుమ్ము అంతగా లేదన్నాడు. రాసిందీ కాదన్నదీ ఒక్కడే, మధ్యలో సైన్సు మారలేదు. అతను ఎవరి ఎదుట నిలబడి మాట్లాడాడన్నదే మారింది.

మొదటి గట్టి సాక్ష్యం వచ్చింది ఒక ఇంట్లోంచి. గాలీ బ్రిడ్జ్ దగ్గర ఒక తెల్లజాతి పేద కుటుంబం. తండ్రి, ముగ్గురు కొడుకులు సొరంగంలో పనిచేశారు. చిన్నవాడికి 18 ఏళ్ళు. తాను చచ్చాక తన ఒళ్ళు కోయించి, దుమ్ము వల్లనేనేమో చూడమని తల్లిని అడిగాడు. ఎక్స్-రే డబ్బుల కోసం ఆ తల్లి రోడ్డు మీద నిలబడి అడుక్కుంది. ముగ్గురు కొడుకులూ పోయారు. ఆ ఎక్స్-రేలే కోర్టు కేసులకి దారి తీశాయి.

మనం ఇక్కడ కాసేపు ఆగాలి. ఆ పిల్లవాడికి ఇల్లుంది, అడుక్కునైనా ఎక్స్-రే తీయించే తల్లి ఉంది, ఊరి డాక్టరున్నాడు. అందుకని అతని చావు సాక్ష్యమైంది. వేరే రాష్ట్రం నుంచొచ్చిన నల్ల కూలీకి ఇవేవీ లేవు. జబ్బు పడగానే గుడిసె ఖాళీ చేయించి తరిమారు. కొందరు సొంతూళ్ళకి పోయి చచ్చారు, అక్కడ ఎవరూ సొరంగం పేరు రాయలేదు. కొందరిని సమ్మర్స్‌విల్ దగ్గర ఒక పొలంలో, పేరు చెప్పే రాయి కూడా లేకుండా పూడ్చారు. 1972లో రోడ్డు వెడల్పు చేయడానికి ఆ ఎముకల్ని కూడా అక్కణ్ణించి లేపేశారు.

1933లో కేసులు రాజీకొచ్చాయి. మొత్తం 1 లక్షా 30 వేల డాలర్లు. అందులో సగం లాయర్లకే పోయింది. మిగిలిందాంట్లోనూ నల్లవాడి ఊపిరితిత్తికి ఒక రేటు, తెల్లవాడి ఊపిరితిత్తికి అంతకన్నా ఎక్కువ రేటు. దానికి తోడు, కార్మికుల లాయర్లు కంపెనీ దగ్గర చాటుగా మరో 20 వేల డాలర్లు పుచ్చుకున్నారని తర్వాత బయటపడింది. వాళ్ళు కేసు కాగితాలన్నీ కంపెనీకే అప్పగించారు. డబ్బు తగ్గినదానికంటే ఈ కాగితాల నష్టమే పెద్దదని మేం అనుకుంటున్నాం. కాగితం పోతే తర్వాతి తరం దేన్ని పట్టుకుని అడగాలి?

చచ్చిందెందరు? ఒప్పుకున్న లెక్క 109. 1936లో అమెరికా పార్లమెంటు ఉపసంఘం విచారణలో వచ్చిన లెక్క 476. మార్టిన్ చెర్నియాక్ అనే డాక్టరు కాంట్రాక్టరు కూలీల సంఖ్యనీ ఆ ప్రాంతం మరణాల రికార్డులనీ పక్కపక్కన పెట్టి, 1986లో వేసిన అంచనా 764. ఆఖరి సంఖ్య ఎదిగింది చచ్చినవాళ్ళు కొత్తగా పుట్టుకొచ్చి కాదు. తరిమేసినవాళ్ళని కూడా మనుషుల కింద జమకట్టాలని ఒకాయన అనుకోబట్టి.

ఆ కంపెనీ పేరు మనకి కొత్త కాదు. 1984 డిసెంబరు 2, 3 తేదీల మధ్య రాత్రి భోపాల్‌లో విషవాయువు వదిలిన ఫ్యాక్టరీ కూడా యూనియన్ కార్బైడ్‌దే. అక్కడా బలైంది ఫ్యాక్టరీని ఆనుకున్న పేద బస్తీలే. 1989లో 47 కోట్ల డాలర్లకి రాజీ కుదిరింది. ఏళ్ళ తరబడి రోగంతో ఉన్న లక్షల మందిని ‘తాత్కాలిక గాయం’ ఖాతాలో రాశారు.

ఈ చరిత్రకి మారుముఖం కూడా ఉంది. గుజరాత్‌లో గోధ్రా దగ్గర పలుగురాయి మిల్లుల్లో పనిచేసి, మధ్యప్రదేశ్‌లోని సొంతూళ్ళకి తిరిగిపోయి చచ్చిన ఆదివాసీల చేతుల్లో కూడా పని చేసినట్టు కాగితం లేదు. అక్కడ సిలికోసిస్ పీడిత సంఘ్ ఊరూరా తిరిగి లెక్క రాసింది. జాతీయ మానవ హక్కుల కమిషన్ కదిలింది. చివరికి 238 మంది మృతుల కుటుంబాలకి తలా 3 లక్షల రూపాయలు ఇవ్వాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. నిపుణుల చేతిలో లేని జాబితా బాధితుల చేతిలో తయారైంది.

సైన్సు మీద అనుమానం పెంచడానికి మేం ఇది రాయలేదు. ఆ తల్లికి కావలసింది సైన్సే, అడుక్కుంది ఎక్స్-రే కోసమే. సైన్సు కంపెనీ జీతం మీద బతికినంత కాలం అది మన తరఫున మాట్లాడదు, అంతే. డాక్టరీ చదివే మన పిల్లలు రోగిని మొదట ‘ఏం పని చేశావు, ఎక్కడ, ఎన్నాళ్ళు?’ అని అడగాలి. పంతుళ్ళు, కార్యకర్తలు వాడల్లో వలసపోయి తిరిగొచ్చినవాళ్ళ పేర్లు, మేస్త్రీల పేర్లు, మిల్లుల పేర్లు నోటుబుక్కులో ఎక్కించాలి. మా ఇళ్ళల్లో టీబీ అని రాసిన పాత చీటీలు ఇంకా ట్రంకు పెట్టెల్లో ఉన్నాయి. మేం వాటితోనే మొదలుపెడుతున్నాం.